“గుర్తింపు ఉంది” అన్నారు, దేనికో చెప్పలేదు: ఒక సైకాలజీ అడ్మిషన్ కేసు

నేపథ్యం

ఏ డిగ్రీ చేయాలి, ఏ పీజీ చేయాలి అని వచ్చే పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ సలహా ఇవ్వడం నా వృత్తి. విజయవాడలో చాలా ఏళ్లుగా ఇదే పని. ఒకప్పుడు సైకాలజీ అంటూ వచ్చేవాళ్లు ఏడాదికి ఒకరిద్దరు. కరోనా తర్వాత నెలకు ఒకరైనా వస్తున్నారు. వాళ్లలో ఒక అమ్మాయి కేసు నేను పనిచేసే పద్ధతినే మార్చేసింది. అందుకే రాస్తున్నాను. ఆమెదీ తండ్రిదీ అనుమతి ఉంది. పేరు, ఊరు, ఇంటి వృత్తి మార్చాను. ఇబ్బంది పెట్టిన సంస్థ పేరు చెప్పను. ఆమెను వాణి అందాం.

2023 మే నెలలో అమ్మానాన్నలతో కలిసి వచ్చింది. గోదావరి పక్క ఒక మండల కేంద్రం వాళ్లది. తండ్రికి చిన్న ఎరువుల దుకాణం. ఇంటర్ బైపీసీ తర్వాత రెండుసార్లు నీట్ రాసింది, సీటు రాలేదు. దగ్గర్లోని కాలేజీలో బీఎస్సీ చేసింది. సైకాలజీ ఆమె డిగ్రీలో సబ్జెక్టు కాదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పెట్టిన డబ్బు, పోయిన రెండేళ్లు ఆ ఇంట్లో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తండ్రి కుర్చీలో కూర్చోకముందే అన్నమాట: “మేడం, ఈసారి మాత్రం మోసపోకూడదండి.”

తల్లి ఆశ వేరు. “డాక్టరీ ఎలాగూ రాలేదు. మనసు డాక్టరైనా అవుతుందని అంటోంది. అది నిజమేనాండి?”

వాణి అప్పటిదాకా మాట్లాడలేదు. సైకాలజీయే ఎందుకని అడిగితే నాయనమ్మ గురించి చెప్పింది. ఏడాదిన్నర కిందట ఆవిడకు మతిమరుపు ముదిరితే కాకినాడ తీసుకెళ్లారు. అక్కడ ఒకావిడ నాయనమ్మ ఎదురుగా కూర్చుని, నెలల పేర్లు వెనక నుంచి ముందుకు చెప్పించింది. తర్వాత ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి గడియారం గీసి పదకొండూ పది చూపించమంది. నాయనమ్మ గుండ్రంగా బాగానే గీసింది. అంకెలు మాత్రం పన్నెండూ కుడిపక్కనే కిక్కిరిసిపోయాయి. “ఆవిడ ఆ కాగితం తిట్టకుండా, నవ్వకుండా తీసుకుని ఏదో రాసుకుంది మేడం. ఆ రాసుకున్నదాన్ని బట్టే డాక్టరు గారు మందు మార్చారు. నాకు ఆ పని కావాలి.”

ఇదంతా విన్నాను, తల ఊపాను. నా ఫారంలో “లక్ష్యం” అన్న చోట మాత్రం “సైకాలజీ పీజీ” అని రాసుకున్నాను. నా మొదటి పొరపాటు అదే. దాని ఫలితం మూడు వారాల తర్వాత తెలిసింది.

వచ్చిన సమస్య

వాళ్ల చేతిలో అప్పటికే నాలుగు దారులున్నాయి, ఒక్కోదాన్ని ఒక్కో బంధువు పట్టుకున్నారు.

పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో “ఎంఎస్సీ క్లినికల్ సైకాలజీ”. బ్రోచర్ మీద, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ నుంచి ఏ ప్లస్ ప్లస్ అని పెద్ద అక్షరాలు, పక్కనే “ఆర్‌సీఐ అప్రూవ్డ్” అన్న ముద్ర. తండ్రి అప్పటికే సీటు ఆపుకోవడానికి కొంత డబ్బు కట్టేశాడు. రెండోది మేనమామ సలహా: ఇగ్నో నుంచి దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేస్తూ ఏదో ఒక ఉద్యోగం చూసుకోవచ్చు, ఫీజు కూడా తక్కువ. మూడోది మన రాష్ట్రంలోనే ప్రభుత్వ యూనివర్సిటీలో పీజీ సెట్ రాసి రెగ్యులర్ పీజీ. దీని గురించి ఇంట్లో ఎవరికీ పెద్దగా ఉత్సాహం లేదు. నాలుగోది ఇంగ్లండ్‌లో ఉంటున్న పిన్ని మాట: ఇక్కడికి వచ్చేస్తే ఒక్క ఏడాదిలో ఎంఎస్సీ అయిపోతుంది.

తండ్రి అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది. “వీటిలో దేనికి గుర్తింపు ఉందో చెప్పండి, అందులో చేర్పిస్తాను.”

ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే నాలుగింటికీ ఉంది. చిక్కంతా అక్కడే ఉంది.

మొదట చేసిన పని, అది ఎందుకు నిలవలేదు

ఇంజనీరింగ్, ఎంబీఏ కేసుల్లో నాకు అలవాటైన పద్ధతినే ఇక్కడా వాడాను. గళ్ల కాగితం మీద కాలేజీల పేర్లు ఒక పక్క, న్యాక్ గ్రేడు, ఫీజు, హాస్టలు, దూరం ఇంకో పక్క రాసి మార్కులు వేశాను. ప్రైవేటు యూనివర్సిటీ ముందుకొచ్చింది. గ్రేడు ఎక్కువ, భవనాలు బాగున్నాయి, కోర్సు పేరులోనే “క్లినికల్” ఉంది. ఫీజు భారమే అయినా తండ్రి సిద్ధంగా ఉన్నాడు.

ఆ కాగితంలో నేను తూచింది సంస్థల్ని. వాణికి కావాల్సింది ఒక పని. న్యాక్ చూసేది సంస్థ మొత్తాన్ని: బోధన, పరిశోధన, వసతులు, పాలన. ఏ ప్లస్ ప్లస్ వచ్చిన యూనివర్సిటీలో సైకాలజీ విభాగం నిరుడు పెట్టినదీ కావచ్చు. ఆ గ్రేడు చూసి ఎవరూ ఆసుపత్రిలో రోగిని పరీక్షించే హక్కు ఇవ్వరు. యూనివర్సిటీకి యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, గుర్తింపు ఉంటే దాని డిగ్రీ డిగ్రీగా చెల్లుతుంది. అది లేకపోతే అసలు మొదలే లేదు. యూజీసీ ప్రకటించే నకిలీ యూనివర్సిటీల జాబితాలో మన గుంటూరు, విశాఖ చిరునామాలు కూడా కనిపించాయి కాబట్టి ఆ తనిఖీ నేను ఎప్పుడూ వదలను. అయితే డిగ్రీ చెల్లడం ఒకటి, ఆ డిగ్రీతో ఫలానా వృత్తి చేయనివ్వడం ఇంకొకటి.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే అందరూ ఆర్‌సీఐ అనే సంస్థ రిజిస్టర్‌లో పేరుండాలి. 1992 నాటి చట్టం కింద ఆర్‌సీఐ పదహారు రకాల వృత్తులవాళ్లను కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో నమోదు చేస్తుంది. వినికిడి, మాట నిపుణులు, ప్రత్యేక ఉపాధ్యాయులు, క్లినికల్ సైకాలజిస్టులు, పునరావాస సైకాలజిస్టులు అందులో కొందరు. రిజిస్టర్‌లో లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చని ఆ చట్టం పదమూడో సెక్షన్ చెబుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో ఇంకా విడమరిచింది: ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థ నుంచి క్లినికల్ సైకాలజీలో గుర్తింపు పొందిన అర్హత ఉన్నవాళ్లు, లేదా సైకాలజీ పీజీ పైన, పర్యవేక్షణలో రోగులతో శిక్షణ ఉన్న రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ చేసినవాళ్లు. ఆ ఎంఫిల్‌కీ యూజీసీతో పాటు ఆర్‌సీఐ ఆమోదం ఉండాలి.

ఇది నాకు తెలియని విషయం కాదు. కాకపోతే బ్రోచర్ మీద ఆర్‌సీఐ ముద్ర కనిపించింది కదా అని నా గళ్ల కాగితంలో అక్కడ టిక్కు పెట్టేశాను. ఎదురుగా ఉన్న కాగితాన్ని చదవకుండా టిక్కు పెట్టడం ఈ వృత్తిలో క్షమించరానిది. నాకు ఇప్పటికీ అది బాధే.

వాట్సాప్‌లో వచ్చిన ఉత్తరం

ఆ టిక్కును ప్రశ్నించింది వాణి. “మేడం, ఆ ఆర్‌సీఐ కాగితం ఒకసారి చూడొచ్చా?” అంది. ఎంత మామూలు ప్రశ్నో! అడ్మిషన్ల ఆఫీసుకి ఫోన్ చేస్తే సాయంత్రానికి వాట్సాప్‌లో రెండు పేజీల ఉత్తరం పంపారు. పైన ఆర్‌సీఐ చిహ్నం, కింద సంతకం, స్టాంపు. చూడగానే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. ప్రింటు తీసి, స్కేలు పెట్టి ఒక్కో లైను చదివాం.

మొదటి పేజీలో సంస్థ పేరు సరిగ్గానే ఉంది. రెండో పేజీలో ఒక పట్టిక. “కోర్సు” అన్న గడిలో ఉన్నది మేధో వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయుల డిప్లొమా. పక్క గడుల్లో సీట్ల సంఖ్య, ఏ విద్యా సంవత్సరం నుంచి ఏ విద్యా సంవత్సరం దాకా అన్న గడువు. క్లినికల్ సైకాలజీ అన్న మాట ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

మళ్లీ ఫోన్ చేశాను. “క్యాంపస్‌కి ఆర్‌సీఐ ఉంది కదా మేడం, అన్ని కోర్సులకూ వర్తిస్తుంది” అన్నారు. వర్తించదు. ఆర్‌సీఐ ఆమోదం ఇచ్చేది ఒక సంస్థలో ఒక కోర్సుకు, ఇన్ని సీట్లకు, ఇంత కాలానికి. గడువు అయ్యాక మళ్లీ తెచ్చుకోవాలి. పక్క గదిలో నడిచే డిప్లొమాకు వచ్చిన ఆమోదం ఈ గదిలోని ఎంఎస్సీకి పాకదు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా, కోర్సుల వారీగా ఉన్న జాబితా తెరిచి క్లినికల్ సైకాలజీ కింద వెతికాం. ఆ సంస్థ పేరు లేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ ఎంఎస్సీ పనికిరాని చదువు అని నేను అనలేదు, ఇప్పుడూ అనను. యూజీసీ దృష్టిలో అది పీజీయే. సైకాలజీ ఎంఎస్సీ లాగే దాని మీద అప్పట్లో ఎంఫిల్‌కి దరఖాస్తు చేసుకునే వీలుండేది. కానీ పేరులోని “క్లినికల్” అన్న మాటకు రిజిస్టర్ దగ్గర విలువ లేదు. ఆ ఒక్క మాట కోసం ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజుకు ఎన్నో రెట్లు కట్టబోతున్నాడు తండ్రి. డిగ్రీ పట్టా చేతికొచ్చాక బోర్డు కట్టుకోవచ్చనుకుంటున్నాడు. అది జరిగేది కాదని రెండేళ్ల తర్వాత తెలిస్తే ఆ ఇంటికి ఇంకో నీట్ అయ్యేది.

కట్టిన డబ్బు వెనక్కి అడగమన్నాను. యూజీసీ ఫీజు వాపసు నిబంధనలు ఉటంకిస్తూ తండ్రి ఉత్తరం రాశాడు. రెండుసార్లు తిప్పించుకున్నారు కానీ ఇచ్చారు.

మిగిలిన మూడు దారులు

మేనమామ చెప్పిన దూరవిద్యను కొట్టిపారేయలేదు. నాకు తెలిసిన ఒక స్కూలు టీచరమ్మ ఇగ్నో ఎంఏ సైకాలజీ చేసి, తన బడిలో పిల్లలతో ఎంతో ఓపిగ్గా పనిచేస్తోంది. ఆవిడకు ఆ చదువు సరిగ్గా సరిపోయింది. వాణి కోరిక వేరు కాబట్టి లెక్క వేరు. ఎంఫిల్‌కి అప్పటి ఆర్‌సీఐ నియమం సైకాలజీ పీజీలో 55 శాతం, ఎస్సీ ఎస్టీ ఓబీసీలకు 50. దాని పైన ఒక్కో సంస్థ తన ప్రాస్పెక్టస్‌లో తన షరతులు పెట్టుకోవచ్చు. రెగ్యులర్‌గా చదివినవాళ్లనే రమ్మనే చోట్లున్నాయి. సీట్లు అసలే చాలా తక్కువ. అందులో కొన్ని తలుపులు ముందే మూసుకుని వెళ్లడం ఎందుకు? పైగా సైకాలజీ ఇంతవరకూ చదవని అమ్మాయి. ప్రయోగశాలలో పరీక్షలు పెట్టడం, స్కోరు వేయడం, రిపోర్టు రాయడం ఒకరి ఎదుట తప్పులు చేస్తూ నేర్చుకోవాల్సినవి. ఈ కారణంతోనే వద్దన్నాను. రెండేళ్ల తర్వాత యూజీసీయే సైకాలజీని దూరవిద్య నుంచి తీసేస్తుందని అప్పుడు నాకు తెలియదు.

పిన్ని చెప్పిన ఇంగ్లండ్ దారిని చూడటానికి ఒక సాయంత్రం పట్టింది. అక్కడా ఇదే కథ, పేర్లు మాత్రమే వేరు. డిగ్రీలకు గుర్తింపు ఇచ్చేది బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ. సైకాలజీ చదవనివాళ్ల కోసం ఉన్న ఒక ఏడాది కన్వర్షన్ ఎంఎస్సీకి ఆ గుర్తింపు ఉంటే, పై చదువులకు కావాల్సిన పునాది అర్హత వస్తుంది. అంతవరకే. రోగులతో పనిచేసే సైకాలజిస్టులను రిజిస్టర్ చేసేది హెచ్‌సీపీసీ అనే వేరే సంస్థ. “క్లినికల్ సైకాలజిస్ట్” అన్న పేరు అక్కడ చట్టం కాపాడే పేరు. దానికి ఆ పైన మూడేళ్ల డాక్టరేట్ కావాలి, పోటీ చాలా గట్టిది. “ఏడాదిలో అయిపోతుంది” అన్న పిన్ని మాట అబద్ధం కాదు. ఏడాదిలో అయ్యేది మొదటి మెట్టు. వాణి తండ్రి దుకాణం మీద అప్పు తీసి మొదటి మెట్టు కోసం పంపడం నాకు సబబనిపించలేదు. పిన్నితో వాణి చేతే ఫోన్లో మాట్లాడించాను. బంధువుల సలహాను నేను కొట్టేయడం కంటే ఆ అమ్మాయి కారణాలతో చెప్పడమే మంచిది. ఆవిడ నొచ్చుకోలేదు. “నాకింత తెలియదే” అన్నారట.

పై మెట్టు నుంచి కిందికి

నా గళ్ల కాగితాన్ని పక్కన పెట్టేశాక కొత్త తెల్లకాగితం వాణికే ఇచ్చాను. “నాయనమ్మ ఎదురుగా కూర్చున్న ఆవిడను పైన రాయి. ఆవిడ అక్కడ కూర్చోవడానికి ఏం ఉండాలో దాని కింద రాయి. అలా నువ్వు ఈరోజు కూర్చున్న కుర్చీ దాకా రా.”

పైన ఆసుపత్రి ఉద్యోగం. దాని కింద ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు. దాని కింద ఆర్‌సీఐ ఆమోదించిన రెండేళ్ల శిక్షణ. దాని కింద ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. దాని కింద సైకాలజీ పీజీ, 55 శాతం. అడుగున, బీఎస్సీ చేసిన వాణి. ప్రతి మెట్టు పక్కన మూడు మాటలు రాయమన్నాను: ఎవరు చెప్పారు, ఏ కాగితంలో ఉంది, ఏ సంవత్సరానిది. “అంకుల్ చెప్పారు”, “బ్రోచర్‌లో ఉంది” అన్నవి లెక్కకు రావు.

ఇలా రాసేసరికి ఒక సంగతి దానంతటదే బయటపడింది. పీజీ మెట్టు దగ్గర ఆర్‌సీఐతో పనే లేదు. అక్కడ కావాల్సింది యూజీసీ గుర్తింపు ఉన్న యూనివర్సిటీ, పట్టా మీద సైకాలజీ ప్రధాన విషయంగా ఉండటం, రెగ్యులర్ హాజరు, సిలబస్‌లో అసాధారణ మనస్తత్వ శాస్త్రం, మానసిక పరీక్షల ప్రాక్టికల్స్. ఇవన్నీ ఎవరికీ ఉత్సాహం లేని ఆ మూడో దారిలో ఉన్నాయి. బీఎస్సీ వాళ్లనూ తీసుకునే విభాగమని నోటిఫికేషన్‌లో చూసుకుని, సిలబస్ పీడీఎఫ్ దించుకుని, విభాగంలో సీనియర్ విద్యార్థులు ఇద్దరితో మాట్లాడింది. “టెస్టు కిట్లు అలమారలో తాళం వేసి ఉంటాయా, చేతికిస్తారా?” అని వాళ్లను అడిగిందట. అది నేను నేర్పని ప్రశ్న. మంచి ప్రశ్న. ఇస్తారని చెప్పారు.

అసలు ప్రమాదం పీజీ దగ్గర కాదు, దాని పై మెట్టు దగ్గర ఉంది. 2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు ఎంఫిల్ అనే డిగ్రీనే ఎత్తేశాయి. క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ మాత్రం అప్పటికి సంస్థల్లో ఇంకా నడుస్తూనే ఉంది. వాణి 2023లో చేరితే పీజీ అయ్యేది 2025లో. అప్పటికి ఆ మెట్టు ఉంటుందా? నాకు తెలియదని వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. తల్లి చాలాసేపు మాట్లాడలేదు.

తెలియని చోట ఏం చేయాలన్నది ఈ కేసులో నేను ఎక్కువగా ఆలోచించిన విషయం. ఆగమనడం ఒక దారి. కానీ ఆగితే ఇంకో ఏడాది పోతుంది, పీజీ ఎలాగూ కావాల్సిందే. పై మెట్టు పేరు మారినా, సైకాలజీ పీజీ లేకుండా ఎక్కగల క్లినికల్ దారి ఆ రోజుకు మా ముందు లేదు. అందుకని పై మెట్టుకు పక్క మెట్లు రాశాం. పీజీ తర్వాత నాలుగేళ్ల సైడీ, అంటే క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్, అది ఆర్‌సీఐ పరిధిలోదే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థలో పునరావాస సైకాలజీ. మేధో వైకల్యం ఉన్నవాళ్లతో పని, దానికి రిజిస్టర్‌లో వేరే వర్గం. ఇవేవీ కుదరకపోతే సీబీఎస్‌ఈ బడుల్లో కౌన్సెలర్ ఉద్యోగం, దానికి సైకాలజీ పీజీ చాలు. “ఇది నీకు ఇష్టమేనా, గతి లేక రాస్తున్నావా?” అని అడిగాను. కాస్త ఆలోచించి, “పిల్లలతో అయితే ఇష్టమే మేడం, ఆసుపత్రి అంత కాదు” అంది. ఆ మాటను కూడా కాగితం మీదే రాయించాను.

పీజీ సెట్ రాసింది, సీటు వచ్చింది.

తర్వాత జరిగింది

2023 డిసెంబర్ చివర్లో, ఎంఫిల్ గుర్తింపు ఉన్న డిగ్రీ కాదు, ఎవరూ చేర్చుకోవద్దు, చేరవద్దు అని యూజీసీ మళ్లీ ప్రకటించింది. ఆ రాత్రి పదిన్నరకు తండ్రి ఫోన్. గొంతు వణుకుతోంది. “మళ్లీ అదే అయిందాండి?” అన్నాడు. క్లినికల్ సైకాలజీ సంగతి వేరుగా తేలే అవకాశం ఉందనీ, ఆసుపత్రుల నుంచి అభ్యంతరాలు వస్తాయనీ అనిపించినా, ఆ నమ్మకాన్ని ఆయనకు హామీగా ఇవ్వలేదు. పక్క మెట్ల కాగితం తీసి చూడమన్నాను. జనవరిలో యూజీసీ, క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు 2025-26 విద్యా సంవత్సరం దాకా చెల్లుబాటు పొడిగించింది. వాణి లెక్కకు అది సరిగ్గా ఒక్క అవకాశం: 2025లో పీజీ ముగియాలి, అదే ఏడాది సీటు రావాలి.

ఆ ఒక్క అవకాశమూ జారిపోబోయింది. చివరి సెమిస్టర్ ఫలితాలు ఆలస్యమయ్యాయి. ఒక సంస్థలో రాత పరీక్ష దాటింది కానీ, ఇంటర్వ్యూ నాటికి ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతిలో లేక పంపించేశారు. దీన్ని నేను ముందే ఊహించాల్సింది. మన యూనివర్సిటీల ఫలితాల తీరు నాకు కొత్త కాదు. పరీక్షల విభాగం నుంచి “ఫలితాలు రావాల్సి ఉంది” అని రాసిచ్చే ఉత్తరం, అప్పటిదాకా వచ్చిన అన్ని సెమిస్టర్ల మార్కుల జాబితాలు మార్చిలోనే తీసి పెట్టుకోమని చెప్పి ఉండాలి. ఆ తర్వాత పరుగులు పెట్టి అవి తెచ్చుకుంది. ఇంకో చోట వెయిటింగ్ లిస్టులో ఆగింది. మూడో చోట, వేరే రాష్ట్రంలో, ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న సంస్థలో సీటు వచ్చింది. చేరేముందు తండ్రే ఆర్‌సీఐ జాబితా తెరిచి కోర్సు పేరు, సీట్లు, గడువు మూడూ స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపాడు. కింద ఏమీ రాయలేదు.

ఈమధ్య ఫోన్ చేసింది. సూపర్‌వైజర్ పక్కన ఉండగా మొదటిసారి గడియారం పరీక్ష తనే పెట్టిందట. ఆ పెద్దాయన అంకెలన్నీ తన భాష లిపిలో వేశాడట, అవి గుర్తుపట్టడానికి వార్డులో నర్సును పిలవాల్సి వచ్చిందని చెప్పింది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

నా ఫారంలో “లక్ష్యం” అన్న గడి తీసేశాను. దాని బదులు “ఏ గదిలో, ఎవరి ఎదుట కూర్చుని, ఏం చేస్తూ కనిపించాలనుకుంటున్నావు?” అని ఉంది. సైకాలజీ విషయంలో ఈ తేడా చాలా పెద్దది. బడిలో కౌన్సెలర్‌కి, కంపెనీలో మానవ వనరుల విభాగానికి, కాలేజీలో పాఠం చెప్పడానికి, ఆసుపత్రిలో రోగిని పరీక్షించడానికి ఒకే పీజీ తలుపు తీయవచ్చు, ఆ తర్వాతి తలుపులు మాత్రం వేరు. పాఠం చెప్పాలనుకునేవాడికి ఆర్‌సీఐ గురించి చెప్పి భయపెట్టడం కూడా తప్పే. అతనికి కావాల్సింది నెట్ అనే అధ్యాపక అర్హత పరీక్ష, పీహెచ్‌డీ.

“గుర్తింపు ఉంది” అన్న మాట ఎవరు అన్నా, ఆ వాక్యాన్ని పూర్తి చేయమని అడుగుతున్నాను. ఎవరి గుర్తింపు, ఏ కోర్సుకు, ఏ సంవత్సరం దాకా. ఫోన్లో చెప్పింది వద్దు. ఉత్తరం తెప్పించి, దానిలోని కోర్సు గడిని ఆ సంస్థ ఇచ్చిన కాపీలో కాకుండా ఆమోదం ఇచ్చిన సంస్థ జాబితాలో సరిచూడటం. పట్టేది పది నిమిషాలు.

నియమాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం, ఆర్‌సీఐ పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించి మిగతా సైకాలజిస్టులను తన జాబితాలో చేర్చుకుంది. ఆ చట్టాన్ని ఆధారం చేసుకునే యూజీసీ 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదంది. ఇకపై దూరవిద్య సైకాలజీ సీటు అమ్మజూపే వాళ్లెవరైనా ఎదురైతే అక్కడికక్కడే ఆగిపోవాలి. అంతకుముందు చేరి చదువుకున్నవాళ్లు నా దగ్గరకు కంగారుగా వస్తున్నారు. వాళ్లు చేరిన సంవత్సరంలో ఆ కోర్సుకు దూరవిద్య అనుమతి ఉందని చూపే కాగితం దించుకుని పట్టాతో పాటు దాచుకోమంటున్నాను.

పోయిన నెల ఒక అబ్బాయి వచ్చాడు, డిగ్రీ చివరి ఏడాది. వాణి లాగే ఆసుపత్రి పనే కావాలన్నాడు. అతని కాగితం మీద వాణి కాగితాన్ని ఎక్కించలేను. ఆమె ఎక్కిన ఎంఫిల్ మెట్టు అతను వెళ్లేసరికి అదే పేరుతో ఉంటుందని రాయలేను. దాని స్థానంలో ఆర్‌సీఐ తెచ్చే కోర్సులు ఏ సంస్థకు, ఎన్ని సీట్లతో వచ్చాయో అతను దరఖాస్తు చేసే ఏడాది జాబితాలోనే చూడాలి. ఆ గడి ఖాళీగా వదిలి పెన్సిల్‌తో తేదీ వేశాం. ఈలోగా పీజీకి చూడాల్సినవి చూస్తున్నాడు. టెస్టు కిట్లు చేతికిస్తారో లేదో సీనియర్లను అడగమని నేనే చెప్పి పంపాను.